అత్తయ్యగారి నోట మావయ్యగారి పేరు

పక్షవాతంతో మాట పడిపోయిన అత్తగారికి మాట తెప్పిస్తానని బయల్దేరి, గుండ్రాయిలా ఉన్న మావగారిని మంచం ఎక్కించిన కోడలు ఎక్కడైనా ఉంటుందా అని మీకు అనుమానం రావచ్చు. ఉంటుంది. అది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. అయినా చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది ఉంగుటూరు దగ్గర కాలవ గట్టున ఊరు. ఇది రెండు వేల ఏడు ప్రాంతాల మాట. అప్పట్లో నేను తాడేపల్లిగూడెంలో ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో నర్సరీ టీచర్ని. అమ్మ కొంగు వదలని పిల్లల చేత ఏ ఫర్ యాపిల్ అనిపించాను కాబట్టి, ఈ భూమ్మీద ఎవరి చేతనైనా ఏదైనా అనిపించగలనని నాకు గట్టి నమ్మకం. చదువు కొంచెమైనా గర్వానికి లోటు లేదు.

మా అత్తయ్యగారి పేరు మార్తమ్మ. మా చర్చిలో పాట ఎత్తుకోవాలంటే ఆవిడే. మావయ్యగారి పేరు ఆశీర్వాదం. కొల్లేరు వైపు ఒక రైతు చేపల చెరువులు చూసుకునేవారు. పొద్దున్నే టీవీఎస్ మీద వెళ్ళి, చేపలకి మేత వేయించి, సాయంత్రానికి ఆ వాసనతో సహా ఇంటికి వచ్చేవారు. బండి స్టాండు చప్పుడు వినగానే వంటింట్లోంచి అత్తయ్యగారు, "వచ్చారా అండీ?" అనేవారు. ఎదురుగా కనబడుతున్న మనిషిని వచ్చారా అని అడగడమేమిటని నాకు నవ్వొచ్చేది. మావయ్యగారు మాత్రం ఆ ప్రశ్న జన్మలో మొదటిసారి విన్నట్టు, "ఆ, వచ్చానే" అని జవాబు చెప్పేవారు.

ఒక వేసవి పొద్దున అత్తయ్యగారి చేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒక్కసారే పోయాయి. ఏలూరు ఆసుపత్రిలో ప్రాణానికి భయం లేదన్నారు. కొన్నాళ్ళకి కర్ర పట్టుకుని నడిచారు. మాట మాత్రం రాలేదు. ఏం చెప్పబోయినా "అదే... అదే..." అనేవారు. నీళ్ళూ అదే, దుప్పటీ అదే, చూడటానికి వచ్చిన పాస్టరుగారూ అదే.

సాయంత్రం మావయ్యగారు బండి స్టాండు వేసి గుమ్మంలో నిలబడేవారు. లోపల్నుంచి ఏమీ వినపడేది కాదు. మళ్ళీ వెనక్కి వెళ్ళి, స్టాండు తీసి, ఈసారి ఇంకాస్త గట్టిగా వేసేవారు. నేను చూశానని తెలిస్తే, "స్టాండు సరిగ్గా పడట్లేదమ్మాయ్" అనేవారు. స్టాండు నిక్షేపంలా ఉంది. ఆ ఒక్క పలకరింపు కోసం ఆయన మొహం వాచిపోయి ఉన్నారు. ఎంత ఆశగా నిలబడేవారంటే, నేనే వంటింట్లోంచి అత్తయ్యగారి గొంతుతో అనేద్దామా అనిపించేది.

డాక్టరుగారు స్పీచ్ థెరపీ చేయించమన్నారు. ఏలూరికి వారానికోసారి ఒక థెరపిస్టు వచ్చేది. నా ఈడుది, నెమ్మదైన మనిషి. మేమంతా మేడం అనేవాళ్ళం. అత్తయ్యగారి చేత కాసేపు బొమ్మలు చూపించమని, చెవి ముట్టుకోమని, నవ్వమని ఏవేవో చేయించింది. మావయ్యగారు ఉండబట్టలేకపోయారు.

"మాటకి ఇంజక్షనేవన్నా ఉంటుందాండీ? ఎంత పెద్ద సూదైనా పర్లేదండీ. మా ఆవిడ ఓర్చుకుంటుందండీ."

"ఇంజక్షన్ లేదు బాబాయిగారూ, సాధనే మందు. పిన్నిగారి తెలివి ఎక్కడికీ పోలేదు. మనం మాట్లాడేది చాలావరకు అర్థమవుతోంది. మాటలు లోపలే ఉన్నాయి, బయటికొచ్చే దారే దెబ్బతింది."

"మరి ఎన్నాళ్ళకి వస్తాయండీ?"

"తేదీ చెప్పలేనండీ. మొదట్లో కాస్త త్వరగా, పోనుపోను నెమ్మదిగా. ఇవాళ వచ్చిన మాట రేపు రాకపోవచ్చు, దానికి భయపడకండి. మొత్తం రాకపోవచ్చు కూడా. మాటో, సైగో, బొమ్మో, ఏదో ఒకదానితో ఆవిడ మనసులోది మీకు చెప్పగలిగితే మనం గెలిచినట్టే."

తర్వాత నావైపు తిరిగింది. "ఇంట్లో రోజూ కాసేపు మాట్లాడించండి. కానీ పరీక్ష పెట్టకండి. ఏదన్నా అడిగితే ఆగండి, ఆవిడకి టైమివ్వండి. మాట మీరు అందించెయ్యకండి. పాట పాడించండి. మాట రానివాళ్ళకి కూడా ఒక్కోసారి పాట వస్తుంది."

"నేను టీచర్నండీ" అన్నాను, ఇవన్నీ నాకు తెలియవా అన్నట్టు. ఆవిడ చెప్పినదాంట్లో నా చెవికెక్కింది "రోజూ" అన్న ఒక్క ముక్కే.

మర్నాటి నుంచి మా ఇల్లు నర్సరీ క్లాసైపోయింది. తలుపు మీద "తలుపు" అని, బీరువా మీద "బీరువా" అని చీటీలు అంటించాను. కోడిపెట్ట పారిపోయింది గానీ, లేకపోతే దానికీ ఒకటి కట్టేదాన్ని. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా. రోజంతా మొక్కల్ని వంచి వచ్చిన నాకు, సాయంత్రం ఇంట్లో ఒక మాను వంగకపోవడం నామోషీగా ఉండేది.

"ఇదేంటి అత్తయ్యగారూ?"

"అదే..."

"అదే కాదు. దు... దువ్..."

"దు... దువ్వెన."

"వెరీ గుడ్! చప్పట్లు!"

ఒక చెయ్యి లేవని మనిషిని చప్పట్లు కొట్టమన్నానండీ. నన్నేం చేసినా పాపం లేదు. ఆవిడ కోపగించుకోకుండా ఎడం చేత్తో తొడ మీద తట్టుకునేవారు.

మొత్తానికి దువ్వెన వచ్చింది, నీళ్ళు వచ్చాయి, కోడి వచ్చింది. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. మావయ్యగారికి ఒక కానుక ఇద్దామనుకున్నాను. ఏమిటా కానుక? అత్తయ్యగారి నోట ఆయన పేరు! గోడ మీంచి వాళ్ళ పెళ్ళి ఫోటో దించి, మావయ్యగారి మీద వేలు పెట్టాను.

"ఈయన ఎవరు? పేరేంటి?"

అత్తయ్యగారు "అదే" కూడా అనలేదు. తల దించుకున్నారు.

"చెప్పాలి మరి. ఆ... ఆశీ..."

ఆవిడ నాకేసి ఒకసారి చూసి, గోడకేసి తిరిగిపోయారు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కొన్నాళ్ళకి నేను ఫోటో తీయగానే ఆవిడ ఎడం చేత్తో నోరు మూసుకోవడం మొదలుపెట్టారు. నర్సరీ టీచర్ని కాస్తా డాక్టర్నైపోయి, రోగం ఏమిటో తేల్చేశాను. ఆ సాయంత్రం మావయ్యగారు భోజనానికి కూర్చోబోతుంటే పక్కకి పిలిచాను.

"మనసు గట్టి చేసుకోండి మావయ్యగారూ. అత్తయ్యగారికి అన్నీ గుర్తున్నాయి. మిమ్మల్ని మాత్రం..."

"నన్ను?"

"మర్చిపోయారండి."

మావయ్యగారు అడిగారు. "దువ్వెన గుర్తుందా?"

"ఉందండి."

"కోడి?"

"అదీ ఉందండి."

"అయితే ఇన్నేళ్ళ కాపురంలో నేను కోడిపాటి చెయ్యలేదన్నమాట" అని అటునుంచి అటే వెళ్ళిపోయారు. అన్నం ముట్టలేదు. మర్నాడు చెరువుకి వెళ్ళలేదు. దుప్పటి కప్పుకుని పడుకున్నారు.

ఆ తర్వాతి రోజు లేచి ఎక్కడికో వెళ్ళొచ్చారు. నేను తలుపు తీసి చూద్దును కదా, తల దూదిలా తెల్లగా ఉంది, మీసం కాటుకలా నల్లగా ఉంది!

"ఇదేంటి మావయ్యగారూ?"

"పెళ్ళినాడు నా మీసం ఇలాగే ఉండేదమ్మాయ్. ఇలాగైనా పోల్చుకుంటుందేమోనని రంగేయించాను. తలకి కూడా వేస్తానన్నాడు గానీ, బాగోదని వద్దన్నాను."

వెళ్ళి అత్తయ్యగారి ఎదురుగా, ఫోటోలో నిలబడ్డట్టే రొమ్ము విరిచి నిలబడ్డారు. ఆవిడ రెప్పార్పకుండా చూశారు. చూసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వారు. అంత నవ్వు జబ్బు చేశాక అదే మొదటిసారి. కళ్ళున్న మనిషెవరైనా సంతోషించేవారు. నేనేమన్నానో తెలుసా?

"చూశారా మావయ్యగారూ, ఎవరో కొత్తమనిషి అనుకుంటున్నారు."

మావయ్యగారు మళ్ళీ మంచం ఎక్కారు.

ఆ వారం ముగ్గురం ఏలూరు వెళ్ళాం. జరిగిందంతా నేనే మేడంకి విన్నవించాను. మావయ్యగారు నల్లమీసంతో, వాడిన మొహంతో బల్ల చివర కూర్చున్నారు.

"మర్చిపోయారని ఎలా తెలిసిందండీ మీకు?" అంది మేడం.

"ఎన్నిసార్లు అడిగినా ఆయన పేరు చెప్పట్లేదండీ."

"ఇందాక ఆయన రాగానే పిన్నిగారు జరిగి చోటిచ్చారు. మీరు చూడలేదా?" అని, మావయ్యగారివైపు తిరిగింది. "ఒంట్లో బాగున్న రోజుల్లో ఆవిడ మిమ్మల్ని పేరుతో పిలిచేవారా బాబాయిగారూ?"

మావయ్యగారు ఉలిక్కిపడ్డారు. "పేరుతోనా? అయ్యో ప్రభువా, లేదండీ! అంతెందుకండీ, చర్చిలో ఆఖర్న పాస్టరుగారు ఆశీర్వాదం ఇస్తారా, ఆ ముక్క కూడా ఎప్పుడూ పలకలేదండీ. 'పాస్టరుగారు చేతులెత్తాక వస్తానండీ' అనేది."

మేడం నాకేసి తిరిగింది.

"మీవారి పేరేంటండీ?"

"ఆయనాండీ... ఎరువుల కొట్లో పనిచేస్తారండి."

"పేరండీ."

"మా బాబు వాళ్ళ నాన్నగారండి..." నాకు చెమటలు పట్టాయి. ఎంత ప్రయత్నించినా పేరు గొంతు దాటి రాలేదు. చివరికి, "మీరు చెప్పండి మావయ్యగారూ" అన్నాను.

"మీకు పక్షవాతమేం రాలేదు కదండీ!" అంది మేడం.

అత్తయ్యగారు మళ్ళీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మీరు గమనించారో లేదో, ఇంత సోది చెప్పినా ఇందులో మా ఆయన పేరు ఇంతవరకూ రాలేదు. ఇకముందూ రాదు.

మేడం మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. ఈసారి విన్నాను. ఎప్పుడూ అనని మాటని అనమంటే ఎలా వస్తుంది, రోజూ అనే మాటే ముందు వస్తుంది, అది వచ్చేదాకా మనం ఓపిక పట్టాలి అంది. ఇంటికెళ్ళి చీటీలన్నీ పీకేశాను. అత్తయ్యగారికి ఇష్టమైన పాట రాగం తీశాను. నీళ్ళు అనడానికి తడుముకునే మనిషి, ఆ పాటలో ఒక చరణం కాస్త ముద్దముద్దగానే అయినా ఆగకుండా పాడేశారు. గుమ్మంలో మావయ్యగారు తలపాగా తీసి వింటున్నారు. పాట దేవుడికి వచ్చింది, తనకి ఇంకా ఏమీ రాలేదు. ఆ సంగతి ఆయన మొహంలో కనబడుతూనే ఉంది.

ఇంకొన్నాళ్ళకి ఒక సాయంత్రం బండి స్టాండు చప్పుడు వినబడింది. అత్తయ్యగారు తల ఎత్తారు. పెదవి కదిలింది.

"వ... వ..."

ఆగమంది కదా మేడం? టైమివ్వమంది కదా? పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తొందరగా పోతుందా అండీ! ఒక్క గెంతు గెంతి ఆవిడ ముందు వాలాను.

"వచ్చారా! అంతేగా అత్తయ్యగారూ? అనండి. వ, చ్చా, రా!"

"వ..."

"పెదవి అలా కాదు, నన్ను చూడండి. పంటికి ఆనించి, వ..."

"నోర్ముయ్!"

గంట కొట్టినట్టు వచ్చింది. ఒక్క అక్షరం తడబడలేదు. కుక్కని కూడా ఛీ అనని మనిషి! ఆవిడకే ఆశ్చర్యమేసి కళ్ళు పెద్దవి చేసుకున్నారు. నేను నోరు తెరిచినదాన్ని తెరిచినట్టే ఉండిపోయాను. మావయ్యగారు చెప్పులతోనే లోపలికి పరిగెత్తుకొచ్చారు.

"ఏవన్నావే? ఏవన్నావ్ మార్తా? మళ్ళీ అను. నన్ననవే. నన్ను కూడా ఒక్కసారి నోర్ముయ్యమనవే, నీకు పుణ్యముంటుంది!"

అత్తయ్యగారు నాలిక్కరుచుకున్నారు. ఎడం చెయ్యి అడ్డంగా ఊపారు. ఎంత తప్పు మాట అంటున్నారు అన్నట్టు మొహం పెట్టారు. ఈసారి నేను కదల్లేదు, ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు. మాట ఎక్కడో లోతు నుంచి, ముక్కలుముక్కలుగా వచ్చింది.

"మిమ్... మిమ్మల్ని... కాదండీ."

మావయ్యగారు అక్కడే నేలమీద కూలబడ్డారు. తువ్వాలు నల్లమీసానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. "విన్నావా అమ్మాయ్? అండీ అంది. నన్ను అండీ అంది" అని ఆ రాత్రి అన్నం తింటూ కూడా అదే మాట.

మేడం ముందే చెప్పినట్టు, అన్ని మాటలూ తిరిగి రాలేదు. ఆఖరిదాకా కొన్ని మాటలు, కొన్ని సైగలు, బోలెడన్ని పాటలు. వాళ్ళిద్దరికీ అవి సరిపోయాయి. నేను నేర్పానని గొప్ప చెప్పుకోదగ్గ మాట మాత్రం ఒక్కటే మిగిలింది. నేను కాస్త ఎక్కువ మాట్లాడితే చాలు, అత్తయ్యగారు తడుముకోకుండా, నవ్వుతూ, "నోర్ముయ్" అనేవారు. మావయ్యగారు పోయారు, ఆయన వెనకే ఆవిడా పోయారు. ఇప్పుడు ఎంత వాగినా నన్ను ఆపేవాళ్ళు లేరు. ఆ గొంతు ఒక్కసారి వినబడితే బాగుండునని వంటింట్లో నిలబడి ఎన్నిసార్లు అనుకుంటానో.

కాబట్టి పెద్దలూ పిన్నలూ అయిన మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. మాట వెతుక్కుంటున్న మనిషికి నేను మాట అందించను. చప్పట్లు కొట్టించను. ఏ ఇల్లాలినీ మొగుడి పేరు అడగను. నోరు మూసుకుని కూర్చుంటాను. నోర్ముయ్యమనే మనిషి లేని ఇంట్లో అదెంత కష్టమో మీకేం తెలుసండీ!