ఫ్లెక్సీ మీద మా చెల్లెలి జడ

మదనపల్లెలో నాకు చిన్న ఫ్యాన్సీ అంగడి ఉంది. గాజులు, క్లిప్పులు, రిబ్బన్లు, సవరాలు, తలనూనెలు అమ్ముతాను. ఆడవాళ్ల తలకు సంబంధించిన అబద్ధాలన్నీ నా కౌంటరు మీదుగానే పోతాయి కాబట్టి వాటి సంగతి నాకు కొద్దో గొప్పో తెలుసు. వెంట్రుకలు మొలిపిస్తామనే సీసాను వెనక్కి తిప్పి చూస్తే సన్నటి అక్షరాల్లో ఇంత కొబ్బరినూనె, ఇంత సెంటు, ఇంత రంగు అని ఉంటుంది. దాని కింద ఇంకా సన్నగా, ఫలితాలు మనిషిని బట్టి మారవచ్చు అని ఉంటుంది. ఆ ముక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మొలవకపోవచ్చు అని సూటిగా చెప్పి చావచ్చు కదా!

ఇవి అమ్మడానికి వచ్చే ఏజెంట్లలో సగం మందికి నడినెత్తిన ఒక్క వెంట్రుక ఉండదు. అదేమప్పా అని అడిగితే, ఇది లేడీసుకు మాత్రమే మేడమ్ అంటారు.

ఈ ఎండాకాలంలో ఒక పొద్దున అలాంటి ఏజెంటే ఒకడు వచ్చాడు. అడవి మూలికల నూనె అంట. ఫోన్లలో ఎక్కడ చూసినా దాని ప్రకటనే. నేను వద్దన్నా వినకుండా సంచిలోంచి ఒక ఫ్లెక్సీ తీసి, "సరుకు తర్వాత తీసుకుందురు గానీ, దీన్ని సూడండక్కా ముందు" అని కౌంటరు మీద పరిచాడు. ఎడమ పక్కన 'ముందు', కుడి పక్కన 'తర్వాత'. ముందు ఫోటోలో నెత్తి మధ్య పాపిట వెడల్పుగా తెరుచుకుని, తెల్లగా చర్మం కనిపిస్తున్న తల. తర్వాత ఫోటోలో నడుము దాటిన పూలజడ.

మా వైపు పెళ్లిళ్లలో ఒక అలవాటు ఉంది. ముహూర్తానికి ముందు పెళ్లికూతురిని వెనక్కి తిప్పి నిలబెట్టి, ముఖం కనిపించకుండా జడ ఒక్కటే ఫోటో తీస్తారు. జడ వేసిన వాళ్లకు అదే మర్యాద. ఆల్బంలో మొదట వెతికేది కూడా ఆ ఫోటోనే. ఫ్లెక్సీ మీద ఉన్నది అట్లాంటి ఫోటో. జడ చివర మూడు కుప్పెలు. రెండు పాతవి, ఒకటి కొత్తది. మా అవ్వ కుప్పెల్లో ఒకటి పోతే, పెళ్లి పొద్దున మా అమ్మ అంగడి నుంచి కొత్తది తెప్పించి ఎర్ర దారంతో కట్టింది. ఆ ఎర్ర దారం ఫ్లెక్సీ మీద స్పష్టంగా కనిపిస్తోంది.

అది మా చెల్లెలి జడ. ఆ జడ అల్లేటప్పుడు పూలు అందించింది నేనే.

ఎడమ పక్క ఫోటోను మళ్లీ చూశాను. తల వెనక ఆకుపచ్చ గోడ, గోడకు సగం కనిపిస్తున్న అద్దం. కుప్పంలో చెల్లెలి ఇంటి నడవ అది. అంటే ఆ పలచబడిన తలా దానిదే. బిడ్డ పుట్టాక వెంట్రుకలు ఊడుతున్నాయని ఫోన్లో చెప్పేది. ఇంతగా ఊడిందని మాత్రం నాకు తెలియదు.

"ఎవురప్పా ఈ పాప?" అన్నాను.

"కుప్పం పక్క కస్టమరంటక్కా. మా నూనె వాడినాక జడ సూడండి ఎట్ల వచ్చిందో! కంపెనీవాళ్లే పంపినారు ఫోటోలు."

ముందుది తర్వాత పెట్టి, తర్వాతది ముందు పెట్టారు. అంతే. ఒక మనిషి బతుకును తలకిందులు చేయడానికి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. నేను వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను. వాడు నిజంగానే ఏమీ తెలియనివాడిలా నోరు తెరుచుకుని చూశాడు. ఫ్లెక్సీకి నా ఫోన్లో ఒక ఫోటో తీసుకుని, షట్టరు దించి కుప్పం పోదామని బస్సెక్కాను.

దారిలో పుంగనూరులో దిగి అమ్మ దగ్గరికి పోయాను. ఫోన్లో ఆ ఫోటో చూపిస్తే అమ్మ ముఖం వెలిగిపోయింది. "ఇది మన పాప పెండ్లి ఫోటో కదమ్మే! ఇంత పెద్దగా యాడ ప్రింటు ఏపించినావు?" అంది. విషయం చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అర్థం కానట్టు ఫోన్‌ను దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసింది. తర్వాత మెల్లగా గడప మీద కూర్చుంది.

"అదే నూనె పూసుకుంటాండాది మే అది" అంది. "ఆ నూనెకు ఇంగిలీసు మందులు పడవంట. ఆ నూనె కంపెనీ డాక్టరమ్మ ఫోన్లో సెప్పిందంట. థైరాయిడు మాత్రలు నిలిపేసింది."

"నిలిపేసిందా? ఎప్పుడు? నాకు యాల సెప్పలేదు?"

"నువ్వు తిడతావని సెప్పద్దనింది."

మాత్రలు నిలిపేయడమంటే ఏమిటో అమ్మకు తెలియదు. నాకు కొంచెం తెలుసు, ఆ కొంచెమే నన్ను వణికించింది. కాన్పు తర్వాత దానికి ఆ జబ్బు బయటపడ్డప్పుడు ఆసుపత్రికి తోడు పోయింది నేనే. వెంట్రుకలు ఊడేది ఈ జబ్బు వల్లనే, మాత్ర మాత్రం మానకూడదని డాక్టరు నా ఎదురుగానే చెప్పింది. అంటే వెంట్రుకల కోసం, ఆ వెంట్రుకలను కాపాడే మందునే అది పారేసింది. అమ్మ పెట్టిన అన్నం అట్లే వదిలి మళ్లీ బస్సెక్కాను. పలమనేరు మీదుగా పోతుంటే వి.కోట బస్టాండులో ఒక అంగడి ముందు అదే ఫ్లెక్సీ గాలికి ఊగుతూ కనిపించింది. దాని కింద ఇద్దరు ఆడపిల్లలు నిలబడి ఆ జడనే చూస్తున్నారు. బస్సు దిగి దాన్ని చించేయాలని ఎంత అనిపించిందో చెప్పలేను.

కుప్పం చేరేసరికి సాయంత్రమైంది. తలుపు తీసిన మనిషిని చూసి ఒక్క క్షణం వేరే ఇంటికి వచ్చానేమో అనుకున్నాను. చెల్లెలి ముఖం ఉబ్బిపోయింది. కళ్ల కింద నీరు పట్టింది. అంత ఎండాకాలంలో స్వెట్టరు వేసుకుంది. తలకు చుట్టిన తుండుగుడ్డ నుంచి ఆ నూనె వాసన. "రాక్కా" అన్న ఆ ఒక్క మాటా బొంగురుగా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుంది. లోపల ఉయ్యాలలో బిడ్డ ఏడుస్తుంటే అటు తిరగడానికి కూడా దానికి చాలాసేపు పట్టింది. నేనే పోయి బిడ్డను ఎత్తుకున్నాను.

మరిది ఇంకా గ్రానైటు ఫ్యాక్టరీ నుంచి రాలేదు. బిడ్డ ఊరుకున్నాక ఫోన్ తీసి చూపించాను. కేకలు వేస్తుంది, ఏడుస్తుంది అనుకున్నాను. అది ఫోటోను చూసి తల వంచుకుంది.

"తెలుసక్కా" అంది.

"తెలుసా?"

"నా ఫోన్లోకీ వచ్చింది. నూనె తెప్పించుకునేటప్పుడు కంపెనీవాళ్లు, తల ఇప్పుడెట్ల ఉండాది, ముందెట్ల ఉన్నింది, రెండు ఫోటోలూ పంపమంటే పంపినా. వాళ్లు తిరగేసి పెట్టుకున్యారు."

నాకు కోపం నషాళానికి అంటింది. "తెలిసీ నోరు మూసుకోని ఉండావా? తెలిసీ ఆ నూనె ఎట్ల పూసుకుంటాండావే? మాత్రలు ఎట్ల నిలిపేస్తివే?"

అప్పుడు అది చెప్పిన మాట నేను బతికినన్నాళ్లూ మరిచిపోలేను.

"మొదుట్లో నాకూ కోపమే వచ్చిందక్కా. ఫోన్ సేస్తే ఎత్తలేదు. ఆమీన దినామూ దాన్నే సూస్తా కూసున్యా. ముందు ఇట్ల, తర్వాత అట్ల. కింద అందురూ ఎంత బాగుండాదో అని రాసినారు. సూసీ సూసీ, నిజంగానే అట్ల అయితాదేమో అనిపించింది. మాత్ర మింగితే సెడిపోతాదని బయమేసింది."

అంగడిలో నేను చూసినవాళ్లంతా ఎవరో చెప్పిన అబద్ధాన్ని నమ్మినవాళ్లు. ఇది తన తలను, తన జడను, తన పెళ్లినాటి ఫోటోను పెట్టి అల్లిన అబద్ధాన్ని, అబద్ధమని తెలిసీ నమ్మింది. మోసం చేసినవాడి మీద కోపం ఏమైందో గానీ, నాకు చెల్లెలిని చూస్తే భయమేసింది. దాన్ని దగ్గరికి తీసుకుని ఇద్దరం ఏడ్చాం.

మరుసటి పొద్దున్నే ఆసుపత్రికి తీసుకుపోయాను. బయట బెంచీ మీద మా పక్కన ఒక పెద్దామె కూతురితో కూర్చుని ఉంది. చెల్లెలి తలగుడ్డను, ఉబ్బిన ముఖాన్ని కాసేపు చూసి, "ఎంటికలు ఊడిపోతాండాయా తల్లీ? నా కూతురికీ అంతే. మేమొక నూనె తెప్పించినాము, నువ్వూ తెప్పించుకో. సూడు, ఈ పాపకు ఎంత జడ వచ్చిందో" అని ఫోన్ చాపింది.

మళ్లీ అదే జడ. చెల్లెలు ఆ ఫోన్ వైపు చూసింది. తర్వాత అంతమంది ముందర తలగుడ్డ విప్పింది. పగటి వెలుతురులో ఆ తలను నేనూ అప్పుడే సరిగ్గా చూశాను.

"ఆ పాప నేనేమ్మా" అంది. "ఆ జడ నా పెండ్లినాటిది. ఈ తల ఇప్పటిది. వాళ్లు తిరగేసి పెట్టినారు. సూడు, ఆ నూనె పూసుకుంటే మిగిలింది ఇది."

పెద్దామె ఫోన్‌ను చూసింది, చెల్లెలి తలను చూసింది, మళ్లీ ఫోన్‌ను చూసింది. ఆమె ముఖంలో జాలి కనిపించింది.

"మధ్యలో పూసేది నిలిపేసింటావు తల్లీ" అంది. "అందుకే మళ్లీ ఊడిపొయ్యింది."

నేను విసురుగా లేచాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"తిట్టద్దక్కా" అంది. "నిన్న పొద్దున ఎవురన్నా నాకు సెప్పింటే, నేనూ ఇదే అనింటాను."