జోబీలోని బేరింగు

మొగుడి పేరు పలకకూడదంటారు. పలుకుతాను, ఎవరేం చేస్తారో చేసుకోనీ. హిందూపురంలో మోటారు సైకిళ్లు బాగుచేసే పోతులయ్య మా ఆయన. ఆయన పుట్టింది ధర్మవరం మగ్గాల ఇంట్లో. పట్టు పోగును వేళ్ల మధ్య ఆడించి మంచీచెడూ చెప్పేసే వంశం. ఆ వేళ్ల మీది గర్వమే మా అన్నను పొట్టన పెట్టుకుంది.

మా అన్న రంగప్ప మోటారు సైకిలు మీద చీరల మూటలేసుకుని ఊరూరా అమ్మేవాడు. గేరుబాక్సులో బేరింగు అరిగిపోతే, ఈయన ఓ పాత బేరింగు తెచ్చి, వేళ్లతో తిప్పి చూసి, పట్టులా తిరుగుతోందని బిగించేశాడు. కిరసనాయిలుతో కడిగి చూడలేదు. గుంటలు పడిన ఇనుప గోళీలను చిక్కటి గ్రీజు కప్పేసింది. నాలుగు రోజులకు, పెనుకొండ దగ్గర దిగుడులో, గేర్లు పట్టేసి చక్రం బిగుసుకుంది. అన్న ఎగిరి రాళ్ల మీద పడ్డాడు. అది నలభై ఒకటో సంవత్సరం.

ఆ విరిగిన బేరింగును ఈయన జోబీలో పెట్టుకున్నాడు. తినేటప్పుడు కూడా ఎడమచేత్తో తిప్పేవాడు. గరగర, గరగర. నాకు ఒళ్లు మండేది. కంచం పెట్టి వాకిట్లోకి పోయేదాన్ని. ఎదురుగా కూర్చోవడమే మానేశాను.

రెండేళ్లకు మా తమ్ముడు హనుమంతు అదే బండిని ఎడ్లబండిలో వేసుకొచ్చాడు. వదిన, పిల్లలు, అందరి కడుపులూ దాని మీదే అన్నాడు. యుద్ధం రోజులు. కొత్త బేరింగు బెంగళూరులోనూ దొరకలేదు. ఈయన పాత ఇనుము కొట్లన్నీ గాలించి, కొలత కుదిరినవి రెండు తెచ్చాడు. రెండింటినీ కడిగి ఆరబెట్టి, మూడు రోజులు వాటి ముందే కూర్చున్నాడు. ఏది బిగించాలో తేల్చుకోలేక నా దగ్గరికొచ్చాడు.

"నా సేతి ఏళ్లను నేను నమ్మను. నువ్వు సెవి పెట్టి ఇను, దాసమ్మా."

నాలుగు తిట్టాలనిపించింది. కానీ ఆ బండెక్కేది నా తమ్ముడు. మొదటిదాన్ని చెవి దగ్గర తిప్పాను. లోపల సన్నగా గరగరమంది. అన్న పోయిన పొద్దున మా వీధి మలుపులో బండి చేసిన చప్పుడు అదే. ఆ రోజు నేను విన్నాను. మొగుడి పనికి వంక పెట్టడమెందుకని నోరు మూసుకున్నాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. దాన్ని విసిరికొట్టి రెండోది తిప్పాను. చప్పుడే లేదు.

దాన్నే బిగించి, ముందు ఈయనే పెనుకొండ దాకా నడిపి వచ్చాడు. తర్వాత హనుమంతు ధర్మవరం పోయి క్షేమంగా తిరిగొచ్చాడు. ఆ మధ్యాహ్నం ఈయన సంగటి తింటుంటే మళ్లీ గరగర.

"ఇంగ సాలు. ఆ పాడుదాన్ని యాడన్నా పారేసి బువ్వ తిను," అన్నాను.

ఆయన ఖాళీ ఎడమచెయ్యి చూపించాడు.

"మొన్ననే మీ అన్న పడిన తావున పూడ్చొచ్చినా."

"మరి నాకు ఇనపడతాండాదే?"

"నాకూ ఇనపడతాండాది," అన్నాడు తలెత్తకుండా.

రెండేళ్లలో మొదటిసారి ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. అన్న పోయిన పొద్దున నేను విన్న సంగతి చెప్పాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.