నాలుగు గుంతల కిరోసిన్

ఆ రోజుల్లో బాన్సువాడలో ఇంజన్ పని నేర్వాలంటే చదువు అడిగేవాళ్లు కాదు, వీపు అడిగేవాళ్లు. తిట్లూ దెబ్బలూ గేర్‌బాక్సులూ మోసే వీపుంటే చాలు. నాకది దండిగా ఉండేది. అక్షరాలే లేవు. (ఇప్పుడున్నాయి. ఈ ముసలితనంలో కోడలి ముందు కూర్చుని నేర్చుకున్నాను. ఆమె కొట్టలేదు కాబట్టి ఆలస్యంగా వచ్చాయి.) నా ఈ సంగతి విన్నవాళ్లంతా నవ్వుతారు. మీరూ నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ కడుపు మండుతుంది.

మా ఉస్తాద్ నస్రుల్లాబాద్‌లో రెండో షెడ్డు పెడుతున్నాడు. దాన్ని ఎవరికి అప్పజెబుతాడన్నదే మా ఫికర్. నాకైనా ఇవ్వాలి, నాతోపాటే పనిచేసే ఉస్తాద్ బామ్మర్దికైనా ఇవ్వాలి. చేతిపని నాది బాగుండేది, అంకెలు అతనికి వచ్చేవి. సరిగ్గా అప్పుడే మా అక్క మొగుడి జీపు ఇంజన్ విప్పాం. బావ ఆ జీపును డోంగ్లి దాకా కిరాయికి నడిపేవాడు. సిలిండర్ హెడ్ అంటే ఇంజన్‌కు మూత లాంటిది. వెల్లకిలా పెడితే దానిలో నాలుగు గుంతలు కనబడతాయి, పెట్రోలు మండేది వాటిలోనే. నాలుగూ ఒకే కొలతకు ఉండాలి, లేకుంటే ఇంజన్ కుంటుతుంది. గుంత అంచున గ్రీసు రాసి, బెజ్జమున్న అద్దం ముక్క మూసి, పశువుల దవాఖానలో వాడే లావు సిరంజితో ఆ బెజ్జంలోంచి కిరోసిన్ నింపుతాం. ఎంత పట్టిందో సిరంజి మీది అంకె చెబుతుంది. చదువొచ్చినవాడికి చెబుతుంది.

ఆ రోజు బామ్మర్ది పెళ్లికి పోయాడు. కొత్త షెడ్డు రేకులు చూడ్డానికి బయల్దేరుతూ ఉస్తాద్ నన్ను పిలిచాడు.

"అరే, నేనొచ్చే వరకు గా హెడ్డు కొల్చి పెట్టు. మంచిగ జేసినవనుకో, నస్రుల్లాబాద్ షెడ్డు నీకే."

"నాకు అంకెలు రావు గద ఉస్తాద్?"

"కండ్లున్నయి గద బే! నాలుగు బరాబర్ ఉన్నయా లేవా సూడు, గంతే."

అంకెలు లేకుండా కొలిచే ఉపాయం నాకే తట్టింది. (నా బతుకులో తట్టిన మొదటి ఉపాయం. అదే చివరిది కూడా అయ్యుంటే బాగుండేది.) మొదటి గుంత నిండా కిరోసిన్ నింపి, దాన్నంతా సిరంజితో లాగి రెండో గుంతలో పోశాను. నిండలేదు, కాస్త వెలితి పడింది. అంటే రెండోది పెద్దదన్నమాట! రెండోదాన్ని నింపి మూడో దాంట్లో పోశాను, మళ్లీ వెలితి. నాలుగో దాంట్లోనూ అంతే. హెడ్డు తయారుచేసినవాడి తెలివిని బండబూతులు తిట్టి, చిన్న గ్రైండర్ అందుకున్నాను. మొదటి గుంతను ఎక్కువ, తర్వాతి రెంటినీ కాస్త తక్కువ గీకాను. మళ్లీ పోస్తే మళ్లీ వెలితే. మళ్లీ గీకాను. ఎంత గీకినా పక్కదే పెద్దదిగా తేలుతుంటే పట్టుదల పెరిగింది. చివరికి ఏ గుంతలోది దాని పక్కదాంట్లో పోసినా అద్దం దాకా నిండింది. హెడ్డును ముద్దు పెట్టుకున్నాను, మూతికి మసి అంటింది.

సాయంత్రం ఉస్తాద్ వచ్చి, "బరాబర్ ఉన్నయా?" అన్నాడు. "బరాబర్" అన్నాను. హెడ్డు బిగించాం.

మర్నాడు బావ జీపు నిండా జనాన్ని ఎక్కించుకున్నాడు. నేను మిస్త్రీ లెక్క ముందు సీట్లో కూర్చున్నాను. కాలువ వంతెన ఎక్కేచోట ఇంజన్ దగ్గింది, కుంటింది, ఆగింది. జనమంతా దిగి నెట్టారు. వెనకాల ఒక అవ్వ గంపను నెత్తి మీంచి దించకుండానే నెడుతూ, "కిరాయి మేమియ్యాల్నా, నువ్వే మాకిస్తవా బిడ్డా?" అని బావను నిలదీసింది.

జీపును షెడ్డుకు లాక్కొచ్చి హెడ్డు విప్పారు. పెళ్లి నుంచి వచ్చిన బామ్మర్ది ఒక్కో గుంతనూ కొలిచి అంకె చదువుతుంటే ఉస్తాద్ ముఖం నల్లబడింది. ఎట్లా కొలిచావని అడిగితే చెప్పాను. బావ నెత్తి కొట్టుకున్నాడు.

"నూనె ఒక గిన్నెల కెళ్లి ఇంకో గిన్నెల పోస్తె కొంత గిన్నెకు అంటుకోదారా? మీ అక్కను అడిగినా చెప్తుండె గద! అద్దానికింత, గ్రీసుకింత, సిరంజికింత అంటుకుంటె నీకు గుంత పెద్దగ కనబడ్డదా?"

ఉస్తాద్ అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అన్నాడు. "మొన్ననే మా బామ్మర్దితోని కొలిపించిన. నాలుగు బరాబర్ ఉండె. నీ చెయ్యి ఎట్లుందో సూద్దామని మళ్ల కొల్వమన్న. ఏం గీకకుంటె సాలు, షెడ్డు నీదుండె బేటా."

ఊరికే కూర్చోవడానికి కూడా పరీక్ష పెడతారని నాకెవరు చెప్పారు? గీకిన ఇనుము తిరిగి రాదు. బావకు వేరే హెడ్డు వెతికారు, నస్రుల్లాబాద్ బామ్మర్దికి పోయింది. చదువు రాకనే ఇట్లయిందని ఊరంతా తీర్పు చెప్పింది. నూనె గిన్నెకు అంటుకుంటుందని ఏ బడిలో చెబుతారో నాకైతే తెలియదు. నేను కోటగిరి రోడ్డు మీద పంక్చర్లు వేసుకుంటూ ముసలివాణ్ణయ్యాను.

ఇప్పుడు బస్సెక్కితే దారిలో కనబడే మెకానిక్ షెడ్ల బోర్డులన్నీ కూడబలుక్కుని పైకే చదువుతాను. పక్కసీటువాళ్లు విసుక్కుంటారు. ప్రతి బోర్డు మీదా ఎవడో ఒకడి పేరుంటుంది, నాది తప్ప. ఆ కాలంలో నాకూ ఒక బోర్డు దక్కి ఉంటే, అక్షరం రాని అప్పటి నేను, ఆ మొద్దు పోరడు, దాన్ని తలకిందులుగా వేలాడదీసి, కింద నిలబడి మీసం దువ్వుకుంటూ ఫొటో దిగేవాడు.