ఏడు లీటర్ల పందెం

పామర్రు శౌరయ్యను ఇప్పుడు మనవలంతా ‘డీజిల్ తాత’ అంటారు. ఆయన పైకి విసుక్కుంటాడు, లోపల మురిసిపోతాడు. కానీ తొంభై తొమ్మిదిలో ఆయనకిన్ని మురిపాలు లేవు. ఆ ఏడాది నాలుగు నెలలపాటు ఆయన అన్నంలో కూరకు బదులు అసూయ కలుపుకుని తిన్నాడు.

అప్పట్లో ఆయన కొండపల్లి పక్కన థర్మల్ స్టేషన్లో ఫోర్‌మన్. పామర్రు నుంచి అక్కడికి పోను యాభై ఎనిమిది కిలోమీటర్లు, రాను యాభై ఎనిమిది. క్వార్టర్సు ఇస్తామన్నా వద్దన్నాడు. తనకు డీజిల్ అంబాసిడర్ ఉందిగా! బందరులో ఒక డాక్టరు గారి దగ్గర పాతది కొన్నాడు. పొద్దున్నే అది స్టార్టయితే వీధికంతటికీ వేరే గడియారం అక్కర్లేదు. ఎంత గోల చేసినా, తొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా మనుషుల్ని దారిలో దింపలేదు. ఆయిలు మార్చడం, ఫిల్టరు మార్చడం అన్నీ తన చేత్తోనే. భార్య తెరేసమ్మ దెప్పేది: “నాకు జొరమొస్తే నుదురు పట్టుకు చూశావా ఎప్పుడన్నా? దాని బానెట్టు మాత్రం రోజుకి నాలుగుసార్లు నిమురుతావ్.”

ఆ కారులో ఇంకో ముగ్గురు వెళ్లేవారు. వారానికొకరు డీజిల్ పోయించాలి. వెనక సీటులో ఎవరు ఎక్కడ కూర్చున్నా ఫరవాలేదు గాని, ముందు సీటు మాత్రం రత్తయ్యది. రత్తయ్య స్టేషన్లో హెల్పరు, ఊళ్లో రెండెకరాల రైతు, శౌరయ్యకు వరసకాని వరసలో బావ. మంచు పట్టిన రోజు అద్దం తుడవటం, ఎడమపక్క నుంచి గేదె వస్తే “బావా, గేదె!” అని అరవటం, శౌరయ్యకు కునుకు పట్టకుండా ఊళ్లో సంగతులన్నీ చెప్పడం ఆయన ఉద్యోగం. అసలు ఉద్యోగం కన్నా ఇదే శ్రద్ధగా చేసేవాడు.

అలాంటి సీటు ఖాళీ అయింది. మూడిళ్ల అవతల ఉండే ఇంజనీరు లక్ష్మీకాంత్ గారు కొత్త డీజిల్ కారు కొన్నారు. తెల్లటి కారు, చల్లటి ఏసీ. “ఒక్కణ్ణే పోతున్నాను, మీరూ రండి రత్తయ్య గారూ” అన్నారు. రత్తయ్యను అప్పటిదాకా ‘గారూ’ అన్నవాళ్లు లేరు.

“మోకాళ్లు లాగుతున్నాయి బావా, ఒక్క వారం” అని చెప్పి వెళ్లాడు. ఆ వారం నాలుగు నెలలయింది.

రోజూ ఉయ్యూరు దాటగానే, చెరకు బళ్ల వెనక శౌరయ్య తన బండి ఈడుస్తుంటే ఆ తెల్లకారు సుయ్యిమంటూ దాటిపోయేది. వెనకద్దంలోంచి రత్తయ్య బట్టతల కనిపించేది. దగ్గులేదు, పొగలేదు, ఆగడం అసలే లేదు. శౌరయ్య ఆదివారం గుడిలో కొవ్వొత్తి వెలిగించి, ‘ప్రభువా, ఆ కారు...’ అని మొదలుపెట్టి, పాపమనిపించి, ‘పోనీ, టైరులో చిన్న మేకన్నా’ అని బేరం తగ్గించుకున్నాడు. ప్రభువు దానికీ ఒప్పుకోలేదు.

ఒకరోజు క్యాంటీన్లో రత్తయ్య నోరు జారాడు. “ఇంజనీరు గారి కారు పోనురాను ఏడు లీటర్లే తాగుద్దంట బావా.”

“నాదీ ఏడే” అన్నాడు శౌరయ్య. తొమ్మిదని ఆయనకు తెలుసు.

“తొమ్మిదేళ్లు నీ పక్కన కూర్చున్నా. నాకు చెప్తావా?”

“రేపు చూపిస్తా. గెలిస్తే నీ సీట్లోకి నువ్వు రావాలి.”

పొద్దున్నే టాంకులో ఉన్న డీజిలంతా తీసేసి, కొలిచి సరిగ్గా ఏడు లీటర్లు పోశాడు. తెరేసమ్మ ఐదు లీటర్ల డబ్బా తెచ్చి, “ఎందుకైనా మంచిది, వెనక పెట్టుకో” అంది. “పెట్టుకుంటే పందెం కాదు” అని గుమ్మంలోనే వదిలేశాడు. వెళ్లేటప్పుడు కాలవ వంతెనలు ఎక్కించి, దిగుడులో న్యూట్రల్ వేసి జార్చాడు. లారీలు హారన్లు కొట్టాయి, సైకిళ్లు దాటిపోయాయి. వెనక కూర్చున్న ఆమోసు, “దిగి నెట్టమంటావా అన్నా? ఇంకా కలిసొస్తుంది” అన్నాడు.

సాయంత్రం తిరుగుదారిలో, కంకిపాడు దాటి రెండు కిలోమీటర్లు వచ్చాక, కారు రెండుసార్లు ఎక్కిళ్లు పెట్టి ఆగిపోయింది. తొమ్మిదేళ్ల పరువు వరిచేల మధ్య నిలబడింది.

ఆమోసు ఎవరి సైకిలో అడిగి, బంకుకు పోయి డీజిల్ తెచ్చి పోశాడు. అయినా స్టార్టవలేదు. పెట్రోలు బండి అయితే పోయగానే కదిలేది. డీజిల్ బండికి టాంకు ఎండితే పైపుల్లో గాలి పడుతుంది. ఒకరు ఇంజను పక్కనున్న చేతిపంపు కొడుతుంటే, ఇంకొకరు ఫిల్టరు నట్టు వదులు చేసి, బుడగలు ఆగిన క్షణంలో బిగించాలి. ఇది శౌరయ్యకు బాగా తెలుసు. ఆమోసుకు తెలియదు. ఆయన బిగించమన్నప్పుడు కొట్టాడు, కొట్టమన్నప్పుడు బుడగలు లెక్కపెట్టాడు.

అప్పుడు తెల్లకారు వచ్చి ఆగింది.

శౌరయ్య తల ఎత్తలేదు. రత్తయ్య దిగి, చొక్కా చేతులు మడిచి పంపు అందుకున్నాడు. పొలంలో ఆయిలింజనుకు రోజూ చేసే పనే. ఆయన కొడుతుంటే ఈయన నట్టు పట్టాడు. నురగ వచ్చింది, తర్వాత బుడగలు, తర్వాత అచ్చమైన డీజిలు. “ఆ...” అన్నాడు రత్తయ్య. బిగించాడు శౌరయ్య. బండి ఒళ్లు విరుచుకుని లేచింది.

రత్తయ్య తెల్లకారు తలుపు పట్టుకోబోయాడు. మోచేతుల దాకా డీజిలు కారుతోంది. లక్ష్మీకాంత్ గారు ఇబ్బందిగా, “రత్తయ్య గారూ, సీటు కవర్లు... నిన్ననే వేయించాను...” అన్నారు.

రత్తయ్య వెనక్కి తిరిగి వచ్చి అంబాసిడర్ ముందు సీటులో కూలబడ్డాడు. చేతులు సీటుకే తుడుచుకున్నాడు.

ఉయ్యూరు వచ్చేసరికి శౌరయ్య ఉండబట్టలేక, “అందులో కాళ్లు బారజాపుకోవచ్చా?” అన్నాడు.

“బ్రహ్మాండంగా.”

“బాగా చల్లగా ఉంటుందా?”

“పడిశం పట్టేంత.”

శౌరయ్యకు మళ్లీ కడుపు మండింది. పామర్రు వచ్చాక, రోడ్డు మీదే చూపు పెట్టి మెల్లిగా అడిగాడు: “మరి రేపు?”

రత్తయ్య అరచేయి వాసన చూసుకున్నాడు. “ఇది రేపటికీ పోదులే బావా. హారన్ కొట్టు, వస్తా.”