సత్యవతిగారి తాననాలు

అది 2022 వేసవి. నరసాపురంలో ఒక బట్టల షాపు పైన మేడ మీద నాది చిన్న రికార్డింగ్ స్టూడియో. ఒక మైకు, ఒక కీబోర్డు, ఒక కంప్యూటరు, బయటి చప్పుడు రాకుండా గోడలకి పాత పరుపులు. జాతర పాటలు, పెళ్లి పాటలు, ఎలక్షన్లొస్తే ప్రచారం పాటలు, ఏళ్ల తరబడి ఇదే పని. నాకు నోటి దురుసని అందరూ అంటారు, నిజమే. శ్రుతి తప్పితే ఎంతటివాడినైనా తిట్టిపోస్తాను. సత్యవతిగారిని మాత్రం తిట్టే అవకాశం ఆవిడ ఎప్పుడూ ఇవ్వలేదు.

ఆవిడది రేవు దగ్గర చేపల వ్యాపారం చేసే కుటుంబం. సరిగమలు తెలీవు, ఏ వాయిద్యమూ ముట్టుకోలేదు. అయినా గంగమ్మ జాతరకి కొత్త పాట కావాలంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆవిడ దగ్గరికే వచ్చేవారు. ఆవిడకి ముందు బాణీ పుట్టేది, మాటలు ఎప్పటికో వచ్చేవి. కూర కలుపుతూనో బట్టలు ఆరేస్తూనో "తాననా తన్ననా" అని తీసేవారు. సాయంత్రానికి మర్చిపోయి నా దగ్గరికొచ్చి ఒకటే గోల. "మాస్టారూ, పొద్దున్న ఎంత మంచిది వచ్చిందనుకున్నారు! పోయిందండీ బాబూ!"

ఆ గోల పడలేక ఆవిడ ఫోన్లో ఒక యాప్ వేసిచ్చాను. బటన్ నొక్కి పాడితే రికార్డవుతుంది. దానికో పేరు పెట్టి, జాతరవి ఒక చోట, పెళ్లివి ఒక చోట సర్దుకోవచ్చు. ఆవిడ పెట్టే పేర్లు చూస్తే నవ్వాగేది కాదు. "పులుసు మరిగినప్పటిది." "వానలో గొడుగు లేనిది." "ఆయన మీద కోపం."

ఆ వేసవిలోనే ఆవిడ గొంతులో క్యాన్సర్ అన్నారు. స్వరపేటిక తీసేయాలి, ఇక మాట రాదు. చూడ్డానికి వాళ్లింటికి వెళ్తే ఆవిడ నా ముందు ఏడవలేదు. ఆపరేషన్‌కి ముందు, తనలో ఉన్న బాణీలన్నీ ఫోన్లోకి పాడుకుంటూ కూర్చున్నారు.

"గొంతు పోయినా బాణీలుంటాయి కదా మాస్టారూ. ఎవరిచేతైనా పాడిద్దాం."

"ఫోన్ ఒకసారి ఇలా ఇవ్వండి, నా కంప్యూటర్లో కూడా వేసుకుంటాను" అన్నాను.

"ఇంకా రెండు మూడు మిగిలాయండి. అన్నీ అయ్యాక ఒకేసారి ఇస్తాను" అన్నారు. ఆవిడ గొంతు నేను విన్నది అదే ఆఖరు.

ఆపరేషన్ అయి కోలుకున్నాక భర్త వీర్రాజుగారితో కలిసి మేడెక్కి వచ్చారు. మెడకి పల్చటి గుడ్డ చుట్టుకుని ఉన్నారు. ఫోన్ నా చేతికిచ్చారు. యాప్ తెరిచాను. ఖాళీ.

"ఏంటండీ ఇది? ఎవరు ముట్టుకున్నారు?" అన్నాను. వీర్రాజుగారి మొహం పాలిపోయింది.

భార్యాభర్తలిద్దరి ఫోన్లకీ ఒకే అకౌంట్. అలా ఉన్నప్పుడు ఒక ఫోన్లో చేసింది రెండోదాంట్లోనూ జరిగిపోతుంది. దాన్ని సింక్ అంటారు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. బ్యాకప్ అంటే విడిగా దాచిన నకలు. జనం సింక్‌నే బ్యాకప్ అనుకుని ధీమాగా ఉంటారు. ఆయన ఫోన్ నిండా రేవు గ్రూపుల్లో వచ్చే చేపల ఫొటోలే. ఆస్పత్రిలో స్కానింగ్ రిపోర్టులు ఫొటో తీద్దామంటే చోటు లేదట. ఏం తీసేద్దామా అని వెతికితే ఈ రికార్డింగులు కనిపించాయట.

"పేర్లు చదవకుండానే రెండు మూడు తెరిచి విన్నానండి. మాటల్లేవు. ఫ్యాను చప్పుడు, కుక్కరు కూత, మధ్యలో ఏదో మూలిగినట్టు. వంటింట్లో ఫోన్ తనంతట తానే రికార్డు చేసేసిందనుకున్నాను. మా ఆవిడ పాటంటే జాతరలో మాటలతో వినడమేగానండి నాకు తెలిసింది. అన్నీ తీసేసి, తీసేసినవి చేరే బిన్ కూడా ఖాళీ చేశాను."

నా నోటికి ఎంతొస్తే అంత అన్నాను. పాపం, ఆ మనిషి అక్కడే నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. సత్యవతిగారు ఆయన వంక చూడలేదు.

రాజమండ్రిలో చెరిగిన ఫైళ్లు వెలికితీసే ఆయన దగ్గరికి రెండు ఫోన్లూ పట్టుకెళ్లాను. ఆ యాప్ కంపెనీకీ రాశాను. ఎక్కడా ఏమీ మిగల్లేదు.

ఆ సంగతి చెప్తే ఆవిడ ఫోన్లో టైపు చేసి చూపించారు. "నాకన్నీ గుర్తున్నాయి. మీరు వాయించండి, నేను చెప్తాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. కీబోర్డు దగ్గర కూర్చున్నాను. ఆవిడ చెయ్యెత్తితే పై స్వరం, దించితే కింది స్వరం, బల్ల మీద లయ. ఒక్క పల్లవికి పూటంతా పట్టింది. స్వరానికీ స్వరానికీ మధ్య ఆవిడ గొంతు జారే జారుడు చేత్తో చూపించడం కుదరదు. ఇలాగా అని ఒకటి, అలాగా అని ఇంకొకటి వాయిస్తూనే ఉన్నాను. ఆవిడ తలూపడం నెమ్మదించింది. చెవులు మూసుకున్నారు. కాసేపటికి ఫోన్ తీసి టైపు చేశారు.

"ఇక వాయించకండి మాస్టారూ. మీరు వాయించిందే చెవిలో మోగుతోంది. నాది చెరిగిపోతోంది."

కీబోర్డు స్విచ్ తీసేశాను. సాయం చేస్తున్నాననుకుంటూ, ఆవిడ మనసులో మిగిలిన ఆ బాణీని కూడా పాడుచేశాను.

ఇప్పుడు ఎవరు ఫోన్ పట్టుకొచ్చినా కూర్చోమనేలోపే నకలు తీసుకుంటాను. అది ఇంకొకరికి పనికొస్తుందేమో, ఆవిడకి కాదు. నేను నేర్చుకున్నదల్లా, పోయినదాన్ని తెచ్చిస్తానని ఎవరికీ మాటివ్వకూడదని. అప్పుడప్పుడు బజార్లో కనిపిస్తే సత్యవతిగారు నమస్కారం పెడతారు. ఆరోగ్యం అడుగుతాను. మిగతా బాణీలు ఆవిడ లోపల ఉన్నాయో లేదో అడగను. ఆవిడ వినేంత దూరంలో ఉంటే కూనిరాగం కూడా తీయను.