చీటీలో రాయని ఇల్లు

పదేళ్ళ పాటు నేను క్రీస్తు రాకడ కోసం పగతో ఎదురుచూశాను. ఆయన వచ్చి మా నర్సీపట్నం సంఘపెద్దను పదిమందిలో నిలబెట్టి అడగాలి, నేను ముందు వరుసలో కూర్చుని చూడాలి. నా నిరీక్షణ అంతా అదే.

మా అమ్మ పుట్టిల్లు బలిఘట్టం. పెళ్ళయ్యాక నాన్నతో మందిరానికి వచ్చి బాప్తిస్మం తీసుకుంది. తొంభైల్లో మావయ్య గృహప్రవేశానికి వెళ్తే, ఆయన వ్రతం ప్రసాదం తెచ్చి చేతిలో పెట్టాడు. అన్న మనసు కష్టపెట్టలేక తినేసింది. ఎవరు మోశారో గానీ ఆదివారానికల్లా కబురు సంఘపెద్ద చెవిన పడింది. విగ్రహాలకు పెట్టింది తిన్నందుకు ఆరు నెలలు అమ్మ ప్రభువు బల్ల దగ్గర ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం ముట్టకూడదని ఆయన అందరి ముందూ లేచి చెప్పాడు. అప్పట్నుంచీ రొట్టె పళ్ళెం మా వరుసకు వస్తే అమ్మ తల దించుకుని పక్కవాళ్ళకు అందించేది.

ఐదో నెలలో ఆమెకు కామెర్లు ముదిరాయి. మంచం మీంచి ఒక్కటే అడిగింది, ఆ రొట్టె ముక్క. నేను పరుగున వెళ్ళి సంఘపెద్ద గుమ్మంలో నిలబడ్డాను.

"ఇంకో నెలే కదమ్మా. అంత కంగారేటి?" అన్నాడు.

మూడో రోజున అమ్మ పోయింది. సమాధి దగ్గర ప్రార్థన ఆయనే చేశాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

ఆ ఏటి నుంచి డిసెంబరు ఆదివారాల్లో రాకడ వాక్యం నేనే చదువుతానని పట్టుబట్టాను. రాబోయే రాజు పేదలకు న్యాయం చేస్తాడనీ, దుష్టుణ్ణి తన మాటతోనే కూలుస్తాడనీ ప్రవక్త చెప్పిన చోట తలెత్తి ఆ పెద్దమనిషి వైపే చూసేదాన్ని. ఆయన అందరికంటే గట్టిగా ఆమెన్ అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది.

రెండువేలు దాటాక నేను సంఘ కార్యదర్శినయ్యాను. అదే ఏడు ఆయన పక్షవాతంతో మంచాన పడ్డాడు. డిసెంబరులో ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారు రోగుల ఇళ్ళకు రొట్టె, ద్రాక్షారసం పట్టుకెళ్ళి, అటునుంచటే ఇంకో సంఘానికని కొయ్యూరు బస్సెక్కేవారు. ఆయన ఊరికి కొత్త. ఏ ఇళ్ళకు వెళ్ళాలో చీటీ నేనే రాసివ్వాలి. మొదటి వారం ఐదిళ్ళు రాశాను. సంఘపెద్ద ఇల్లు రాయలేదు. ఎంత హాయిగా ఉందో! ఆ పూట మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

మర్నాడు ఆయన భార్య వచ్చింది.

"ఏటమ్మా, పాస్టరు గారు మా ఇంటికి రాలేదేటి? బేగి లేపి తానం సేయించి, తెల్లబట్టలు కట్టి కూకోబెట్టాను."

"ఆలస్యమైపోయిందండీ. వచ్చే వారం తప్పకుండా పంపిస్తాను. నా మాట నమ్మండి."

వచ్చే వారమూ రాయలేదు. ఆమె మళ్ళీ వస్తే మళ్ళీ మాటిచ్చాను. మూడో వారం చీటీ రాస్తుంటే కలం ఒక్క క్షణం ఆగింది. అమ్మ పచ్చబడిపోయిన కళ్ళు గుర్తొచ్చాయి. ఆ ఇల్లు రాయకుండానే చీటీ మడిచి పాస్టరు గారి చేతిలో పెట్టేశాను.

గురువారం పొద్దున్న ఆయన పోయాడని కబురొచ్చింది. వెళ్ళకపోతే బాగుండదని వెళ్ళాను. ఆమె నా చెయ్యి పట్టుకుని బావురుమంది.

"నిన్న కూడా ఇయాల ఆదివారమా అని అడిగారమ్మా. నాను ఏడుస్తుంటే, ఆ పిల్ల మాటిచ్చింది కదే, పంపిస్తాది, ఊరుకో అన్నారు."

ఆయన మీద నా కోపం అప్పుడూ తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఆ ఆదివారం మందిరంలో అందరూ మోకాళ్ళేసి, ప్రభువా త్వరగా రమ్మని అడుగుతుంటే, వాళ్ళ మధ్య తల వంచుకుని, ఇప్పుడే రావద్దు ప్రభువా అని వేడుకున్నాను.