నిమాకో సార్ లినక్సును తుడిచిన రోజు

మా బెరెకుమ్ ఊళ్లో నిమాకో సార్ పదకొండేళ్లపాటు కంప్యూటర్ పాఠం చెప్పారు, కంప్యూటర్ లేకుండా. బడిలో ఒక్కటంటే ఒక్క మిషను లేదు. నల్లబల్ల మీద రంగు సుద్దలతో మానిటరు గీసేవారు, మౌసు గీసేవారు, దాని తోక కూడా మరిచిపోయేవారు కాదు. బొమ్మ ఎంత పొందిగ్గా కుదిరేదంటే, గంట కొట్టాక దాన్ని తుడవడానికి పిల్లలకు చేతులు వచ్చేవి కావు. సారే డస్టరు అందుకుని నాలుగు ఊపుల్లో తుడిచేసేవారు.

నిజం కంప్యూటర్ ఆయన చేతికి వచ్చింది ఉద్యోగం అయిపోయే ముందు ఏడాది. హాంబర్గులో ఉన్న బావమరిది తాను వాడి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ పంపాడు. అందులో విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. మీట నొక్కగానే నల్లటి తెర మీద రెండు పేర్లూ పడేవి. పది సెకన్లలో ఏదో ఒకటి ఎంచుకోకపోతే మిషను తనంతట తానే లినక్సులోకి వెళ్లిపోయేది. సార్ విండోస్ ఎంచుకోవడం నేర్చుకున్నారు, రెండోదాని జోలికి పోలేదు. ఎవరైనా అడిగితే మాత్రం, అది పెద్ద చదువులవాళ్ల కోసం అని గంభీరంగా చెప్పేవారు.

అత్తగారు మామే పోమా పోయినప్పుడు, ఇంటి పెద్ద వోఫా ఆసరే అంత్యక్రియల పుస్తకం పనిని అందరి ముందూ ఆయనకు అప్పగించాడు. ఏడుగురు పిల్లల నివాళులు, ముప్పై ఫోటోలు, పాడాల్సిన కీర్తనలు, అన్నీ సర్ది శుక్రవారం పొద్దుటికి ప్రెస్సులో ఇవ్వాలి. శనివారం అంత్యక్రియలు. పుస్తకం లేకుండా మా వైపు ఏ ముసలమ్మనూ సాగనంపరు. వచ్చినవాళ్లు ముందు పెద్దామె ముఖం చూసి, ఆనక పుస్తకం తిరగేసి తమ ఫోటో ఎక్కడుందో వెతుక్కుంటారు. అల్లుడి పరువంతా ఆ నలభై పేజీల్లో ఉందని సార్‌కి తెలుసు.

బుధవారం మధ్యాహ్నం అత్తవారి వైపు వాళ్లంతా పుస్తకం ఎంతవరకూ వచ్చిందో చూద్దామని చేరారు. సార్ మీట నొక్కి, కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటూ ఉండగానే పది సెకన్లూ గడిచిపోయాయి. లినక్స్ తెరుచుకుంది. అందులో పుస్తకం లేదు, అత్తగారూ లేరు. అందులోంచి ఎలా బయటపడాలో సార్‌కి తెలియదు. చివరికి మీట అదిమిపట్టి మిషన్నే ఆర్పేశారు. మరదలు కొనాడు, పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్ద చిదుపుకుంటూ అంది:

“ఆకొంటా, బావా, ఈ మిషనుతో నీ బతుకు ఇద్దరు పెళ్లాలున్న మొగుడి బతుకులా ఉందే. ఏ ఇంటికని అడుగుద్ది, నువ్వు నోరిప్పేలోపే చిన్నింటికి లాక్కుపోద్ది.”

వోఫా కూడా నవ్వాడు. సార్ భార్య అఫ్రియే నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి పెదవి కొరుక్కోవడం సార్ చూశారు.

గురువారం పొద్దున్నే ఆ చిన్నింటిని పీకి పారేయాలని నిశ్చయించుకున్నారు. విండోస్‌లోంచి డిస్కు పటం తెరిస్తే గదులు గదులుగా కనబడింది. లినక్స్ ఉన్న గది మీద మౌసు పెట్టి తీసెయ్యమన్నారు. నిజంగానే తీసెయ్యాలా అని అది ఒకసారి అడిగింది. ఆ చెయ్యి పదకొండేళ్లు డస్టరు పట్టిన చెయ్యి. తుడిచింది పోతుంది, తుడవనిది మిగులుతుంది, ఇందులో ఇంకా అడగడానికేముంది? నొక్కారు. గది పోయింది. పక్క గదిలో పుస్తకం చెక్కుచెదరకుండా ఉంది. ఇక ఎంత శుభ్రంగా లేస్తుందో చూద్దామని మిషన్ని ఆపి మళ్లీ వేశారు.

రెండు పేర్లూ రాలేదు. విండోసూ రాలేదు. ఆ గది కనబడడం లేదని ఇంగ్లీషులో ఒక్క వాక్యం, దాని కింద ఆరుతూ వెలుగుతూ ఒక చిన్న గీత. సార్ ఏడుసార్లు ఆపి వేశారు. ఏడుసార్లూ అదే మాట.

పుస్తకం అయిందా అని అఫ్రియే వచ్చి అడిగింది. కరెంటు సరిగ్గా లేదన్నారు సార్. ఆమె తలెత్తి, నెత్తి మీద జోరుగా తిరుగుతున్న ఫ్యాన్ వంక చూసి వెళ్లిపోయింది. ఒక్క మాట అని ఉంటే బాగుండేదని సార్‌కి అనిపించింది.

ల్యాప్‌టాప్‌ను గుడ్డలో చుట్టుకుని, సంత పక్కన ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే డూఫియే కొట్టుకు బయల్దేరారు. ఎవరి కంటా పడకూడదనుకున్నారు. సందు చివరే కొనాడు ఎదురై వెంటపడింది. డూఫియేకి ముప్పై దాటి ఉంటాయి, ఒకప్పుడు సార్ దగ్గర చదువుకున్నదే. ఆయన్ని చూడగానే లేచి తన కుర్చీ తుడిచి వేసింది. నాకు కంప్యూటర్ నేర్పింది ఈ సారే అని అక్కడ బేరానికొచ్చిన వాళ్లందరికీ చెప్పింది. సార్‌కి ఆ కుర్చీలో సరిగ్గా కూర్చోవడం కూడా చేతకాలేదు.

ఆమె తెర వంక ఒక్కసారి చూసి, గొంతు తగ్గించింది.

“లినక్స్ తీసేశారా సార్?”

“కొంచెం,” అన్నారు సార్.

డూఫియే నవ్వలేదు. మిషను లేవగానే ముందు పిలిచేది డిస్కు మొదట్లో కూర్చున్న కాపలావాణ్ణని, వాడు లినక్స్ పెట్టిన మనిషని, తాళాల గుత్తి ఆ గదిలోనే దాచుకున్నాడని మెల్లగా చెప్పింది. గది పోయినా వాడు గుమ్మంలోనే ఉన్నాడు, తాళాల కోసం తడుముకుంటున్నాడు. ముందు వాణ్ణి గుమ్మంలోంచి పంపేసి విండోస్ మనిషిని అక్కడ కూర్చోబెట్టాల్సింది, గది సంగతి ఆ తర్వాత. అలా చెబుతూనే పెన్‌డ్రైవ్ గుచ్చి, దాంతో మిషన్ని లేపి, మరమ్మతు తెర మీద రెండు వరుసలు కొట్టింది. ఆపి వేస్తే విండోస్ తిన్నగా లేచింది. పుస్తకం తెరిస్తే అట్ట మీద మామే పోమా తెల్ల లేసు బట్టల్లో నవ్వుతూ ఉంది.

సార్ ఊపిరి పీల్చుకునేలోపే డూఫియే ఇంకా దగ్గరికి వంగింది.

“బయటున్న ఆవిడకి ఏం చెప్పమంటారు సార్? వైరస్ అనొచ్చు. వైరస్ అంటే ఇంకెవరూ ఏమీ అడగరు.”

శిష్యురాలు తన మాస్టారికి ఒక అబద్ధాన్ని ఇంత మర్యాదగా అందించింది. వద్దమ్మా, నిజమే చెబుతాననడానికి సార్ నోరు తెరిచారు. గుమ్మంలో కొనాడు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

“వైరస్,” అన్నారు సార్.

శనివారానికి పుస్తకం వచ్చింది, ముచ్చటగా వచ్చింది. చావుకి కట్టే ఎరుపూ నలుపూ బట్టల్లో ఊరంతా షామియానాల కింద కూర్చుని తమ ఫోటోలు వెతుక్కుంటోంది. ఈలోపు కొనాడు నోట ఆ వైరస్ బాగా పెరిగి పెద్దదైంది. వోఫా మైకు అందుకుని, అత్తగారి పుస్తకం కోసం మూడు రోజులు అన్నం నీళ్లు మాని వైరస్‌తో పోరాడిన అల్లుణ్ణి అందరూ చూడాలన్నాడు. సార్ లేచి నిలబడక తప్పలేదు. చప్పట్లు మోగాయి. నాలుగో వరుసలో డూఫియే అందరికన్నా గట్టిగా కొడుతోంది, ముఖంలో ఎక్కడా వెక్కిరింత లేదు. దాన్నే సార్ తట్టుకోలేకపోయారు. చతికిలబడి, జేబురుమాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

వెనక వరుసలో ముసలమ్మలు నిట్టూర్చారు. కన్న కొడుకులు కూడా ఇంతలా ఏడవలేదే అని ఒకామె పక్కామెతో అంది. పక్కన కూర్చున్న అఫ్రియే వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రుమాలును కాస్త పైకి లాగి, ఆయన ముఖం ఇంకొంచెం కప్పింది.